తడిపినవు గదా, బిడ్డా?

మూడు రోజులైంది. షాపు తెరుస్తున్నాను, మిషను ముందు కూర్చుంటున్నాను, కానీ చేతులు నా మాట వినడం లేదు. నిన్న ఒకామె జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవైపువే కుట్టి పెట్టాను. ఇరవై రెండేళ్ల నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇదే గల్లీలో, పూజసామాను కొట్టు పక్కన ఆడవాళ్ల బట్టలు కుడుతున్నాను. ఇట్లాంటి పని ఎన్నడూ చేయలేదు. ఆమె విసుక్కుంటూ ఉంటే నోరు మూసుకుని విన్నాను. నేను నోరు మూసుకోవడం ఈ గల్లీలో వింతే.

సోమవారం పొద్దున ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, సన్నటి మనిషి, హయత్‌నగర్‌లో టీచరట. చేతిలో బట్టల కవరు ఉంది.

"అక్కా, మా నాయిన మీ దగ్గరికొస్తుండె. గీ బెంచీ మీద కూసొని చేత్తోని కుట్టుకుంటుండె."

"ఆఁ, మన కండక్టర్ పెద్దయ్య! ఏడున్నడు తల్లీ? నెలలాయె కనబడక. నా మీద గిట్ల అలిగిండా ఏంది?" అని నవ్వాను కూడా.

"ఎండాకాలంల పోయిండక్కా. గుండె ఆగింది."

నవ్వు ఇంకా నా మొహం మీదే ఉంది. దాన్ని ఎట్లా తీసేయాలో కాసేపు నాకు తెలియలేదు. ఆమె కవరు బల్ల మీద పెట్టి అందులోంచి లినెన్ అంగరఖాను తీసింది. దాని వెంట ఒక బిస్కట్ల డబ్బా. ఆ డబ్బా నాకు బాగా తెలుసు.

ఆయన పేరు నేనెప్పుడూ అడగలేదు. నా కొలతల పుస్తకంలో కూడా 'కండక్టర్ పెద్దయ్య' అనే ఉంది.

ఆయన మొదటిసారి వచ్చింది రెండేళ్ల కింద, బతుకమ్మ పండగకు పది రోజుల ముందు. ఆ రోజుల్లో నా షాపులో సూది పెట్టే సందు కూడా ఉండదు. జాకెట్ల కోసం ఆడవాళ్లు మెట్ల దాకా నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక నుంచి గట్టిగా ఒక గొంతు వినిపించింది.

"జర ముందుకు జరుగుండ్రమ్మా, ముందట జాగ ఉన్నది!"

ఆడవాళ్లంతా నిజంగానే జరిగారు! ఆ తర్వాత ఏం చేశామా అని వెనక్కి తిరిగి చూశారు. నాకు నవ్వాగలేదు. పొడుగ్గా, సన్నగా ఒక పెద్దాయన, ముందువైపు పైన రెండు పళ్లు, కింద రెండు పళ్లు. చంకలో బట్ట మూట.

"మొగోళ్లయి కుట్టను పెద్దయ్యా," అన్నాను.

"కుట్టుడు నేనే కుడ్త బిడ్డా. నువ్వు కోసి ఇయ్యి సాలు."

జేబులోంచి బస్సు టికెట్ల కాగితం ముక్క తీశాడు. దాని వెనక పెన్నుతో బొమ్మ గీసి ఉంది. మోకాళ్ల దాకా వచ్చే పాతకాలపు అంగరఖా. ఎదురు రొమ్ము మీద ఒక అంచు మీద ఇంకో అంచు వచ్చి, గుండీలు లేకుండా ఎడమవైపు నాడాలతో కట్టుకునేది. నడుం కింద గౌనులా విచ్చుకునే ఘేర్. ఇట్లాంటిది నాటకాల వాళ్లు వేసుకోగా చూశానేమో కానీ చేత్తో కోసింది లేదు.

"గిదేందుకు పెద్దయ్యా నీకు?"

"నడవనీకి."

ఆయన వాళ్లది పోచంపల్లి దగ్గర నేతపని ఊరు. వాళ్ల నాయన తాను నేసిన చీరెలు మూట కట్టుకుని, పెద్ద అంబర్‌పేట్, హయత్‌నగర్ మీదుగా పట్నానికి రెండు రోజులు నడిచి వచ్చేవాడట. ఒంటి మీద వాళ్ల తాత కాలం నాటి అంగరఖా. చిన్నప్పుడు ఈయన సగం దూరం నాయన భుజాల మీద కూర్చుని వచ్చేవాడట.

"నేను ముప్పై ఏండ్లు గా రోడ్డు మీదనే బస్సుల తిరిగిన బిడ్డా. టికెట్ టికెట్ అనుకుంట పోయిన, ఒస్తిన. ఒక్కనాడు నడిచి పోలే. ఇప్పుడు ఊరి నుంచి ఈడిదాక నడుస్త. మా నాయిన ఏసుకున్నసుంటిదే ఏసుకొని నడుస్త. మోకాళ్లు ఇంకొక్క చలికాలం ఆగుతయంటున్నయి. గందుకే ఈ రెండు నెల్లల్ల కుట్టుకోవాలె."

"మరి కోసుకునుడు గూడ నువ్వే కోసుకో."

ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. నేసే ఇంట్లో పుట్టిన చెయ్యి కత్తెర పట్టకూడదని వాళ్ల నాయన మాటట. ఈయన మగ్గం మీద కూర్చున్నది లేదు, చిన్నప్పుడు కండెలు చుట్టాడు అంతే. అయినా పట్టడు. కోస్తుంటే చూడను కూడా చూడడు.

"ముందుగాల ఒక పూట నీళ్లల్ల నానబెట్టు బిడ్డా. దీనికి గంజి బాగున్నది. మంచిగ ఆరినంక కొయ్యి."

"నాకు చెప్పొస్తున్నవా పెద్దయ్యా! తడపకుండ ఎవలన్న కోస్తరా?" అన్నాను.

ఎవలన్న కోస్తరా! నా నోట్లో మన్ను పడ.

టైలరు కాని వాళ్లకు చెప్పాలి. లినెన్ నీళ్లు తాగితే ముడుచుకుంటుంది. కోయకముందే తడిపి ఆరేస్తే ముడుచుకునేదంతా అప్పుడే ముడుచుకుంటుంది. తడపకుండా కోసి కుడితే మొదటి ఉతుకుకో, మొదటి వానకో తొడుక్కున్న మనిషి లోపల ఇరుక్కుపోతాడు. ఇది నాకు తెలియని సంగతి కాదు.

వారం రోజులు ఆ మూట నా బల్ల కిందే ఉంది. జాకెట్ల మీద జాకెట్లు. ఇంట్లో బకెట్టు పెట్టి ఆరు మీటర్లు నానబెట్టి, దండెం మీద ఆరేసి తేవడానికి నాకు తీరలేదు. తీరలేదు అంటే తీరిక చేసుకోలేదు. చెప్పిన రోజున ఆయన మెట్ల దగ్గర కనబడేసరికి గబగబా బట్ట బల్ల మీద పరిచి, నాలుగు చుక్కల నీళ్లు చల్లి ఇస్త్రీ చేస్తున్నట్టు పెట్టె రుద్దాను.

"తడిపినవు గదా, బిడ్డా?"

"తడిపిన పెద్దయ్యా."

అది అబద్ధమని కూడా నాకు అనిపించలేదు. 'రేపు ఇస్త', 'లోపల బట్ట ఒదిలిన', 'తడిపిన'. రోజూ నోట్లోంచి రాలే మాటలే ఇవి. ఆయన బట్ట కొసను రెండు వేళ్ల మధ్య నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నా మొహం చూశాడు.

"మంచిది," అని బయటికి వెళ్లి, రోడ్డు వైపు తిరిగి, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. నేను కోశాను. ముక్కలన్నీ మడిచి ఇస్తుంటే, "తుంటలు గూడ ఇయ్యి బిడ్డా, ఒక్కటి పారెయ్యకు," అని చిన్న చిన్న పీలికలు కూడా ఏరుకుని పోయాడు. పిసినారి ముసలాయన అనుకున్నాను.

రెండు నెలల్లో కుట్టుకుంటానన్న మనిషి రెండు నెలలు అసలు కనబడలేదు. దీపావళి పోయింది, కార్తీకం పోయింది. చలి ముదిరాక ఒక పొద్దున మెట్రో దిగి, బిస్కట్ల డబ్బా చంకలో పెట్టుకుని వచ్చాడు. ఇంట్లో వెలుతురు చాలడం లేదు, బయట బెంచీ మీద కూర్చుని కుట్టుకోవచ్చా అని అడిగాడు. కూర్చోమన్నాను. ముక్కలు తీస్తే చూశాను కదా, ఒక్క అతుకు పడలేదు. కానీ ప్రతి ముక్కకూ చుట్టూ అంచుల వెంబడి చేత్తో సన్నటి కుట్టు.

"రెండు నెల్ల నుంచి గీ అంచులే కుట్టినవా? పక్క గల్లీల ఓవర్‌లాక్ మిషనున్నది పెద్దయ్యా, పది నిమిషాల పని!"

"పోగులు లేస్తయి బిడ్డా."

"పోగులు లేస్తయని రెండు నెల్లా! గిట్లయితే నీ అంగరఖ నీ మనుమని పెండ్లికి ఏసుకుంటవు."

ఆయన నిమ్మకు నీరెత్తినట్టు సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

ఆ రోజు నుంచి వారానికి మూడు నాలుగు పొద్దులు ఆ బెంచీ ఆయనదే. మెట్లెక్కే ఆడవాళ్లందరికీ అలవాటయ్యాడు. దారానికి కొవ్వొత్తి ముక్క రుద్దుకునేవాడు. సూది గుచ్చుకోకుండా వేలికి ఇత్తడి టోపీ. కుట్టు పూర్తయితే దారం తెంపడానికి కత్తెర ముట్టడు కదా, ఆ నాలుగు పళ్లతోనే కొరికేవాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. "ఉన్న నాలుగు గూడ పోతయి, గా కత్తెర తీసుకో!" అని అరిచేదాన్ని. వినేవాడు కాదు.

కుట్టును ఆయన ఎప్పుడూ అంగుళాల్లో చెప్పలేదు. బస్సు స్టేజీల్లో చెప్పేవాడు. భుజం దగ్గర వాళ్ల ఊరు, చెయ్యి చివర దిల్‌సుఖ్‌నగర్. "ఎందాకొచ్చె పెద్దయ్యా?" అని అడిగితే, "ఇయ్యాల పెద్ద అంబర్‌పేట్ దాటిన," అనేవాడు. ఇంకోరోజు, "హయత్‌నగర్ల ఆగిన బిడ్డా, దారం ముడిపడ్డది." ఒక కుట్టు చివరికి వచ్చి దారం కొరికాక రెండు వేళ్లతో బెంచీ చెక్క మీద కొట్టి, "రైట్ రైట్!" అనేవాడు. నా దగ్గర పనికున్న అమ్మాయి కూడా అది విని మిషను మీద కొత్త కుట్టు మొదలుపెట్టేది.

చంకల కింద, పక్కల వెంబడి చిన్న చిన్న పట్టీలు అతుకుతుంటే చూసి ఆటపట్టించాను. "అతుకుల బొంత చేస్తున్నవు గదా పెద్దయ్యా. నేను కోసిచ్చింది సక్కగ లేదా?"

"పాతకాలం తొడుగులకు చంకల కింద ముక్క ఉంటది బిడ్డా, చెయ్యి లేపనీకి. మా నాయినదానికి గూడ ఉండె."

పట్టీలు కత్తెరతో కోసినవి కావు, చేత్తో పోగు వెంట చింపినవి. నేను ఇచ్చిన తుంటలే. అది కూడా కళ్లతో చూశాను. చూసి వదిలేశాను.

అన్నీ బాగానే ఉండేవి కానీ ఒక్క అలవాటు నన్ను పీక్కు తినేది. కుడుతూ కుడుతూ మధ్యలో తలెత్తి, ఏ వాన గురించో చాయ్ గురించో అడిగినంత మామూలుగా అడిగేవాడు.

"తడిపినవు గదా, బిడ్డా?"

"తడిపిన పెద్దయ్యా."

పది రోజులకు మళ్లీ అదే ప్రశ్న. నెలకు మళ్లీ. ముసలితనం, మతిమరుపు అనుకున్నాను. గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు నాకు లోపల ఎక్కడో చురుక్కుమనేది. ఆ చురుకు కోపంగా బయటికి వచ్చేది.

ఎండాకాలం దాటింది, వానలు మొదలయ్యాయి. ఆయన మెట్లెక్కేటప్పుడు మోకాలి మీద చెయ్యి వేసుకోవడం అప్పుడే చూశాను. చలికాలం పోయిందని ఒక్కసారి కూడా నాతో అనలేదు. శ్రావణమాసంలో ఒక శుక్రవారం, షాపు నిండా కస్టమర్లున్నప్పుడు, తలెత్తి మళ్లీ అడిగాడు.

నాకు ఎక్కడ లేని ఆవేశం వచ్చింది. "ఎన్నిసార్లు చెప్పాలె పెద్దయ్యా? తడిపిన అంటే తడిపిన! ఏడాది పట్టి కుట్టుడు నీ చేత కాదు, నా పనికి వంకలు పెడుతున్నవు. పోరీల ముందట నా ఇజ్జత్ తీస్తవా? చాదస్తం ముదిరింది నీకు!"

ఆయన సూదిని బట్టకు గుచ్చి, అంగరఖా మడిచి, డబ్బా మూత పెట్టాడు.

"పని మీదున్నవు బిడ్డా, అడగొద్దుండె," అన్నాడు.

మరి ఎన్నడూ అడగలేదు. వచ్చేవాడు, కుట్టుకునేవాడు, పోయేవాడు. నేను గెలిచాననుకున్నాను! నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి ఒక్క మనిషి కూడా మిగలకపోవడం ఆయన తప్పు కాదు.

నేను కోసి ఇచ్చిన పద్నాలుగు నెలలకు, రెండో చలికాలంలో, ఆ అంగరఖా పూర్తయింది. దాన్ని తొడుక్కుని వచ్చాడు. తెల్లటి లినెన్, ఎడమవైపు నాడాలు, మోకాళ్ల దగ్గర ఘేర్ ఊగుతూ. ఆ గల్లీలో ఒక్క నిమిషం అందరూ తిరిగి చూశారు. భుజం దగ్గర కానీ, చెయ్యి దగ్గర కానీ వెంట్రుకవాసి తేడా లేదు.

"చూసినవా, నా కటింగ్ ఎట్ల కూసున్నదో!" అన్నాను.

"మంచిగ కూసున్నది బిడ్డా," అన్నాడు.

ఆటోలో దిగాడని అప్పుడు గమనించాను. ఇల్లు ఎల్బీనగర్. అక్కడి నుంచి షాపు దాకా నడిచి చూద్దామని బయలుదేరాడట, మోకాళ్లకు పరీక్షలాగా. "కొత్తపేట దాక వొచ్చిన. గాడ మోకాలు బస్సు దిగిపోయింది," అని నవ్వాడు. ఊరి నుంచి నడవడం మాట నేను అడిగితే, "చూద్దాం. ఇంకో చలికాలం రాదా?" అన్నాడు. బెంచీని రెండు వేళ్లతో తట్టి మెట్లు దిగాడు. రైట్ రైట్ అనలేదు. ఆయన్ని నేను చూడటం అదే ఆఖరు.

ఇక సోమవారం సంగతి. ఆ కూతురు అంగరఖాను నా బల్ల మీద పరిచింది.

"నాకు సైజు చేసియ్యండక్కా. ఈ చలికాలం నేను నడుస్త. ఊరి నుంచి ఈడిదాక. నాయినకు మాటిచ్చిన."

"ఎంతసేపు తల్లీ, పక్కలు లోపలికి తీస్తే అయిపాయె," అని చంక కింద కుట్టు విప్పాను. లోపల పట్టీలు. ఒకటి కాదు, రెండు వైపులా, భుజం నుంచి నడుం దాకా, వేలెడు వెడల్పున. చెయ్యి లేపడానికి ఇన్ని పట్టీలెందుకు? నాకు ఎక్కడో అనుమానం మొదలైంది. అలమారాలోంచి అప్పుడు నేను ఖాకీ కాగితం మీద గీసుకున్న నమూనా తీసి చెయ్యి ముక్క మీద పెట్టాను. బట్ట రెండు వేళ్లు తక్కువ. వీపు ముక్క మీద పెట్టాను. మూడు వేళ్లు తక్కువ. ఏ ముక్కా నేను కోసినంత లేదు.

"డబ్బాల గివి గూడ ఉన్నయక్కా, ఎందుకో తెల్వదు," అని ఆమె డబ్బా మూత తీసింది. ఇత్తడి టోపీ, కొవ్వొత్తి ముక్క, గుండుసూదితో గుచ్చిన రెండు లినెన్ ముక్కలు. ఒకటి జానెడు ఉంది, గంజితో బిర్రుగా. రెండోది మెత్తగా, అన్ని వైపులా వేలి మందం చిన్నదిగా. ఒకే తుంటలోంచి చింపి, ఒకదాన్ని నీళ్లలో వేసి చూశాడు.

ఓరి దేవుడా! బల్ల పట్టుకున్నాను. మొదటి రోజే తెలుసు. నా షాపు మెట్లు దిగి ఇంటికి పోయిన పూటే ఆయనకు తెలుసు.

ఆమె నా మొహం చూడటం లేదు, అంగరఖా మడతలు సర్దుతూ చెప్పుకుపోతోంది. "ఎంత తిప్పలు పడ్డడో తెల్వదక్కా. కోసిన ముక్కలు గదా, నీళ్లల్ల ఏస్తే అంచులన్ని పోగులు పోతయని, ముందుగాల అన్నిటికి అంచులు కుట్టిండు. రెండు నెల్లు. కండ్లు మంటలని ఏడ్సిండు గూడ. అప్పుడు నానబెట్టి, ఆరబెట్టి, తక్కువ పడ్డకాడల్లా ముక్కలు అతికిండు. నేనే అడిగిన, టైలరక్క తడపలేదా నాయినా అని. తడిపింది బిడ్డా, బట్టే అసుంటిది అన్నడు."

బట్టే అసుంటిది అన్నాడు. నేను అంతమంది ముందు చాదస్తం అని అరిచిన మనిషి, తన కన్నబిడ్డ దగ్గర నా పరువు కాపాడాడు. అన్నిసార్లు అడిగింది మరిచిపోయి కాదు. నేను చెబుతానేమో అని అడిగాడు. ఏడాది పొడుగునా నాకు నిజం చెప్పే సందు ఇస్తూ కూర్చున్నాడు.

ఊరుకుంటే ఆమెకు ఏ అనుమానమూ రాదు. సైజు చేసి, మడిచి ఇస్తే థాంక్స్ అక్కా అని పోయేది. అది నా నోటి దాకా వచ్చిందని ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

"తడపలేదు," అన్నాను.

"ఏందక్కా?"

"మీ నాయిన ఇచ్చిన బట్ట నేను తడపలే. పండుగ గిరాకిల తీరలే. తడిపిన అని అబద్ధమాడిన. అడిగిన ప్రతిసారి అబద్ధమే చెప్పిన."

ఆమె ఆ రెండు ముక్కలు చేతిలోకి తీసుకుంది. ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. తిడుతుందేమో అని ఎదురుచూశాను. తిట్టాలని కోరుకున్నాను. నాతో కాదు, ఆ ముక్కలతో అన్నట్టు అంది.

"ఆ మొదటి చలికాలం నాయిన మోకాళ్లు మంచిగుండె."

తర్వాత అంగరఖాను తన వైపు లాక్కుంది. "సైజు చెయ్యకు. వొదులుగనే ఏసుకుంట."

ఆమె మాటల్లో 'అక్కా' పోయింది, 'అండి' పోయింది. అది నాకు తగిన శాస్తే.

"చంక కింద కుట్టు విప్పిన. గదొక్కటి కుట్టిస్త, ఆగు," అని అలవాటుగా మిషను వైపు తిరిగాను.

"మిషన్ పెట్టకు," అంది. బయటికి వెళ్లి ఆ బెంచీ మీద, ఆయన కూర్చునే కొసకే కూర్చుంది.

ఆయన డబ్బాలోంచి సూది తీసుకున్నాను. దారానికి ఆయన కొవ్వొత్తే రుద్దాను. అటూ ఇటూ ఆయన కుట్లు గసగసాలు పేర్చినట్టు ఉన్నాయి. మధ్యలో నావి పెద్దవి, వంకర. ఇరవై రెండేళ్లుగా టైలరును, జానెడు కుట్టుకు గంట పట్టింది. ఆయన పద్నాలుగు నెలల్లో ఎన్ని గంటలున్నాయో నా వేళ్లకు అప్పుడు తెలిసింది. కొసకు వచ్చి ముడి వేశాక నా చెయ్యి కత్తెర మీదికి పోయింది. ఆమె చూస్తోంది. చెయ్యి వెనక్కి తీసుకుని, దారాన్ని పళ్లతో కొరికాను.

ఆమె చీర మీదే ఆ అంగరఖా తొడుక్కుంది. చేతులు వేళ్లు దాటి వచ్చాయి, ఘేర్ పిక్కల దాకా జారింది. ఎడమవైపు నాడాలు గట్టిగా ముడి వేసుకుని, డబ్బా చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. నేను గుమ్మం దాకా వెళ్లాను. ఎదురుగా మెట్రో మెట్లున్నాయి. ఆమె వాటిని ఎక్కలేదు. వాటిని దాటుకుని కొత్తపేట వైపు, వాళ్ల ఊరికి పోయే రోడ్డునే నడుచుకుంటూ పోయింది.